ముక్కు మేస్త్రి కాపలా

మా మావయ్య అసలు పేరు ప్లేటింగ్ షాపులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ముక్కు మేస్త్రి. అలాగని ఆ ముక్కు చిలక ముక్కూ కాదు, కొండంతా కాదు. కాస్త చప్పిడి ముక్కే. "అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొస్తుంది, దీనికా ఇంత పేరు అని," అనేవారు ఆయన. అంటూనే వేలితో దాన్ని ఒకసారి నిమురుకునేవారు. మనిషికి తన గొప్ప మీద మమకారం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ వేలు చూస్తే చాలు.

ఆ షాపులోకి తలుపు గొళ్ళేలు, కుళాయి తలలు, సొరుగుల పిడులు నల్లగా జిడ్డుతో వస్తాయి. వెళ్ళేటప్పుడు వాటిలో మన మొహం కనిపిస్తుంది. వాటిని రాగి తీగతో కొక్కేలకు కట్టే పని నాది. అక్కడి నుంచి అవి ముందు యాసిడ్ తొట్టిలో మునుగుతాయి, తర్వాత కడుగు నీళ్ళలో, ఆ తర్వాత సైనైడ్ తొట్టిలో. యాసిడ్, సైనైడ్ ఒకే కప్పు కింద కాపురం చేస్తాయి కానీ ఒకదాని మొహం ఇంకొకటి చూడకూడదు. ఆ రెండూ కలిస్తే ప్రాణాలు తీసే గాలి ఒకటి పుడుతుంది. దానికి రంగుండదు. చేదు బాదం గింజల వాసన వస్తుందని చెబుతారు. చెబుతారు అనే నేనూ అనాలి, ఎందుకంటే ఆ వాసన అందరి ముక్కులకూ అందదు. నాకు అందదు. మా ఆయనకూ అందదు. మావయ్యకు అందేది.

ఎప్పుడో, నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు, ఆయన చేతిలో పని వదిలేసి "బయటికి పదండి" అని అరిచారట. నవ్వినవాళ్ళను మెడపట్టి గెంటారట. అందరూ బయటపడ్డాక చూస్తే, రెండు తొట్ల మధ్య గోడ కింద పగిలి యాసిడ్ ఇవతలికి కారుతోందట. ఆ రోజు నుంచి ఆయన మాటకు తిరుగులేదు. ఇప్పుడున్న ఓనరు అప్పట్లో నిక్కర్లు వేసుకునేవాడు. ఆ కథ వింటూ పెరిగినవాడు.

షాపు వెనక కిటికీ లేని గది ఒకటుంది. నేలలో పెద్ద గొయ్యి. సైనైడ్ తొట్టి దగ్గర కడిగిన నీళ్ళన్నీ అందులోకే వచ్చి చేరతాయి. వాటిలో సున్నం, మందులు కలిపి విషం విరిచి బయటికి వదలాలి. ఆ పని మా ఆయనది. పొద్దున లోపలికి వెళ్తే సాయంత్రం దాకా ఆ గోతి ఒడ్డునే. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. "నీళ్ళ డిపార్ట్‌మెంటు" అన్నారంతే.

ప్రభుత్వం వాళ్ళు పట్టుబట్టాక ఆ గదికి రెండు మీటర్లు వచ్చాయి. ఒకటి కొసన గాజు బుడ్డి ఉన్న కడ్డీ. అది గోతి నీళ్ళలో మునిగి ఉండి పులుపు ఎంతుందో నంబరు చూపిస్తుంది. నంబరు పది పైన ఉంటే నీళ్ళు సున్నపు నీళ్ళలా ఉన్నట్టు, భయం లేదు. పది కిందికి జారితే యాసిడ్ చేరుతున్నట్టు, గంట మోగుతుంది. రెండోది గుమ్మం పక్కన గోడకు బిగించిన పెట్టె. అది గాలిని వాసన చూస్తుంది. విషం తగిలితే ఎర్ర దీపం వెలిగించి కూస్తుంది.

ఆ పెట్టె బిగించిన రోజు మావయ్య మొహం చూడాలి. వంటింట్లోకి కొత్త కోడలు అడుగుపెట్టినప్పుడు అత్తగారు పెట్టే మొహం అది. నాకు బాగా తెలుసు ఆ మొహం.

నిజం చెప్పాలంటే ఆ పెట్టెకూ బుద్ధి లేదు. చెమ్మగాలికి కూసేది, మురుగు కంపుకు కూసేది, ఒక్కోసారి ఏమీ లేకుండానే కూసేది. కూసినప్పుడల్లా పని ఆపి అందరం బయటికి పోవాలన్నది రూలు. అలా పోతే తొట్లలో ఉన్న సరుకు మచ్చలు పడుతుంది. అందుకని షాపులో వేరే పద్ధతి ఒకటి పుట్టింది. పెట్టె కూస్తుంది. అందరం చేతులు ఆపి ఉన్నచోటే నిలబడతాం. మావయ్య నడిచి వస్తారు, తొందర పడరు. గుమ్మంలో నిలబడి తల కాస్త పైకెత్తి ఓసారి, పక్కకు తిప్పి ఇంకోసారి గాలి పీలుస్తారు. "ఏం లేదు. పని చూసుకోండి," అని మీట నొక్కి నోరు మూయిస్తారు. ఓనరుకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. "అరిచే కుక్క కరవదు మేస్త్రి గారూ, కాపలా మాత్రం మీదే," అనేవాడు.

అలా బాగానే నడిచింది, మావయ్యకు ఆ జ్వరం వచ్చేదాకా.

జ్వరం తగ్గింది. మనిషి లేచారు, పనికి వెళ్ళారు. తిండి మాత్రం మునుపటిలా తినడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని నేను నాలుక కరుచుకుంటే ఆయన "బాగుందమ్మా" అన్నారు. నా వంటను ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాల్సింది, మురిసిపోయాను.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గ్యాస్ కంపు గుప్పుమంది. చేతిలో బట్ట పారేసి పరిగెత్తాను. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది. గ్యాస్ బుస్సుమంటోంది. పొయ్యి ముందు మావయ్య ఉన్నారు, చేతిలో అగ్గిపెట్టె, వేళ్ళ మధ్య పుల్ల. గీయబోతున్నారు.

పుల్ల లాక్కున్నాను. పొయ్యి కట్టేసి తలుపులన్నీ తీశాను.

"మావయ్యా, వాసన రావట్లేదా మీకు?"

"కాస్త జలుబమ్మా."

"జలుబు తగ్గి ఎన్నాళ్ళయింది? వీధి చివరిదాకా కొడుతోంది కంపు!"

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. అగ్గిపెట్టెను చేతిలో అటూ ఇటూ తిప్పారు. వేలు ముక్కు దాకా వెళ్ళి దిగిపోయింది.

"జ్వరంతోనే పోయిందమ్మా. సబ్బు వాసన లేదు, మట్టి వాసన లేదు. తిరిగొస్తుందేమోనని చూస్తున్నా."

"మరి షాపులో? పెట్టె కూసినప్పుడల్లా ఏం లేదు, ఏం లేదు అంటున్నారు కదా?"

"ఊరికే అనట్లేదు. గుమ్మంలోంచి నంబరు కనిపిస్తుంది కదా. పది పైన ఉంటే ఆ గాలి పుట్టనే పుట్టదు. అది చూసుకునే చెప్తున్నా. ఎప్పుడు చూసినా పదిన్నర మీదే ఉంటోంది. నీ మొగుడు బాగా చూసుకుంటున్నాడు." కొడుకు గురించి ఆ మాట అంటుంటే ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. "రేపు ఓనరు రాగానే చెప్పేస్తాలే. ఈ లోపు ఎవరితో అనకు. నా పరువు నీ చేతిలో ఉంది."

ఒక్క రోజే కదా అని ఊరుకున్నాను. ఆయన చొక్కా తొడుక్కుని ఎటో వెళ్ళిపోయారు, మధ్యాహ్నం తిండికి కూడా రాలేదు.

భోజనం దగ్గర మా ఆయనతో అన్నాను. "మీ నాన్న నిన్ను పొగిడారు. నంబరు ఎప్పుడూ పదిన్నర మీదే ఉంచుతావట."

మా ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి పకపకా నవ్వాడు. "నంబరుకేం, గ్లాసులో ఉంటుంది."

"గ్లాసేంటి?"

"ఆ కడ్డీ గోతిలో ఉంటే పూటపూటకీ గంటే. చీటికీ మాటికీ లైను ఆగిపోతుంది. అందుకని గ్లాసులో సున్నపు తేట పోసి, కడ్డీ తీసి అందులో ముంచా. హాయిగా పడుకుంటుంది. పదిన్నర, ఇటు కదలదు, అటు కదలదు."

"మరి గోతిలో ఏముందో ఎలా తెలుస్తుంది?"

"నాన్న ఉన్నాడుగా! నాన్న ముక్కు ముందు ఈ గాజు కడ్డీ ఎంత?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొడుకు చూపించే నంబరును నమ్ముకుని తండ్రి ఏం లేదంటున్నాడు. తండ్రి ముక్కును నమ్ముకుని కొడుకు నంబరును గ్లాసులో పడుకోబెట్టాడు. ఇన్నాళ్ళుగా ఆ గది వాకిట్లో కాపలా అంటూ ఎవరూ లేరు. ఉన్నారనుకుంటూ ఈ మనిషి రోజూ ఆ గోతి ఒడ్డున ఈల వేసుకుంటూ కూర్చుంటున్నాడు.

పరువూ గిరువూ పక్కన పెట్టి అంతా చెప్పేశాను. మా ఆయన నమ్మలేదు. "మా నాన్నకు వంకలు పెట్టడం నీకు కొత్తా?" అన్నాడు. సాయంత్రం మావయ్య రాగానే ఆయన చెప్పులు విప్పేలోపే గ్లాసు సంగతి చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు లేదు. కొడుకు వైపు చూశారు. "నిజమేనా?" అన్నారు. మా ఆయన నవ్వుతూ, "నీకు వాసన రావట్లేదంటోంది నీ కోడలు. అది నిజమేనా?" అన్నాడు.

అప్పుడైనా చెబుతారనుకున్నాను. "రేపు మాట్లాడదాం. ముందు ఆ గ్లాసు తీసెయ్," అని గదిలోకి వెళ్ళిపోయారు. ఎవరి మొహం మీదైనా ముక్కుసూటిగా మాట్లాడే మనిషి, కన్న కొడుకు ముందు నోరు విప్పలేకపోయారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

సోమవారం పొద్దున అందరికంటే ముందు వెళ్ళి ఆ గ్లాసు తీసి నేలకేసి కొట్టాను. కడ్డీని గోతిలో దించి వచ్చాను. కాసేపటికి గంట మోగింది. ఇంకాసేపటికి ఆగింది. గ్లాసులకేం కరువు, మా ఆయన ఇంకోటి తెచ్చుకున్నాడు. ఓనరు ఇంకా రాలేదు. మావయ్య గేటు వైపు చూస్తూ తొట్ల మధ్య తిరుగుతున్నారు.

పెట్టె కూసింది.

ఎప్పటిలాగే అందరం చేతులు ఆపాం. మావయ్య వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. లోపల నంబరు పదిన్నర, ఇటు కదలదు, అటు కదలదు. ఆయన దాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను అడ్డంగా తల ఊపాను. అది గ్లాసు అని. ఆయన తల పైకెత్తి ఓసారి, పక్కకు తిప్పి ఇంకోసారి గాలి పీల్చారు. అంతమందిలో నాకొక్కదానికే తెలుసు, ఆ ముక్కులోకి ఏమీ వెళ్ళడం లేదని.

"ఉంది!" అని గర్జించారు. "వాసన కొడుతోంది, బయటికి పదండి!"

అందరూ గేటు వైపు పరుగు. ఆయన ఊపిరి బిగబట్టి లోపలికే వెళ్ళారు. మా ఆయనను కాలర్ పట్టి ఈడ్చుకొచ్చారు. ఈయన అప్పటికే తల పట్టుకుని గోడకు జారగిలబడి ఉన్నాడట. బయట గాలికి పడుకోబెడితే కక్కుకున్నాడు. కళ్ళు తేలేశాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక గాని మనిషిలా మాట్లాడలేదు. యాసిడ్ కడుగు నీళ్ళ గొట్టం మూత అరిగిపోయి నీళ్ళు నేరుగా గోతిలోకి దిగుతున్నాయని తర్వాత తేలింది. మావయ్య కాస్త ఆలస్యం చేసి ఉంటే మా ఆయన ఇవాళ ఉండేవాడు కాదు.

అక్కడితో అన్నీ చక్కబడాలి. అసలు కీడు అక్కడే మొదలైంది.

ఓనరు వచ్చి మావయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ ముక్కు బంగారం మేస్త్రి గారూ."

"నాకు వాసన రాలేదు బాబూ," అన్నారు మావయ్య, అందరి ముందూ. ఎంత కష్టపడి అన్నారో నాకు తెలుసు. "జ్వరంతోనే పోయింది. పెట్టె కూసిందని అరిచానంతే."

ఓనరు నవ్వాడు. "పెట్టె రోజూ కూస్తుంది. రోజూ ఏం లేదన్నారు, ఏమీ లేదు. ఇవాళ ఉందన్నారు, ఉంది. వాసన రాకుండానే చెప్పారా?"

గ్లాసు ఉందండీ, అందుకు చెప్పారండీ, అని నేను అందుకున్నాను. ఓనరు నా వైపు విసుగ్గా చూశాడు. "గ్లాసు సంగతి నాకు తెలుసమ్మా. గంట గోల పడలేక నేనే పెట్టుకోమన్నా."

ఆ రోజు నుంచి పెట్టె ఆగకుండా కూస్తూనే ఉంది. మీటర్లు బాగుచేసే మనిషి వచ్చి, లోపలిది పూర్తిగా పాడైంది, కొత్తది రావాలి అని దాన్ని విప్పి పట్టుకుపోయాడు. గోడకు మరమేకుల కన్నాలు మిగిలాయి. కొత్తది ఎప్పుడని అడిగితే ఓనరు, "వస్తుందిలే. ముక్కు మేస్త్రి ఉండగా తొందరేముంది?" అన్నాడు. తనిఖీ ఆఫీసుకు నేనే వెళ్ళి చెప్పొచ్చాను. వస్తామన్నారు. ఇంకా రాలేదు.

ఇక మా ఆయన సంగతి. ఆస్పత్రి నుంచి వస్తూ రిక్షాలోనే అన్నాడు, "చూశావా? ముక్కు పోయిందన్నావు." మావయ్య ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు, బతిమాలారు, ఆ పని మానెయ్‌రా అన్నారు. మా ఆయన నా వైపు వేలు చూపించి, "ఇదంతా దీని నేర్పుడే," అన్నాడు. "నువ్వుండగా నాకేంటి నాన్నా?" అని తండ్రి భుజం తట్టి మళ్ళీ పనికి వెళ్ళాడు. నేను ఏడ్చాను, తిట్టాను, వంట మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ప్రాణం కాపాడిన అబద్ధం కదా, దాన్ని మించిన నిజం ఈయనకు కనిపించదు.

మావయ్య మర్నాడు ఒక స్టూలు తీసుకెళ్ళి గోతి గదిలో వేసుకున్నారు. గుమ్మంలో కాదు, లోపల. మా ఆయన ఒక పక్క, గొయ్యి ఒక పక్క, మధ్యలో ఆయన. మేస్త్రి కాపలా ముమ్మరం చేశారని షాపంతా మెచ్చుకుంది. నేను టీ పట్టుకెళ్ళే వంకతో వెళ్ళి గొంతు తగ్గించి అడిగాను.

"వాసన రాదు కదా మావయ్యా. ఇక్కడ కూర్చుని ఏం చూస్తున్నట్టు?"

"ముక్కు పోయింది గాని మనిషిని ఉన్నాను కదమ్మా. గోతికి వాడికంటే నేనే దగ్గర. గాలి పుడితే ముందు నన్నే తగులుతుంది. ముసలాణ్ణి, త్వరగా పడిపోతాను కూడా." ఏదో కూరగాయల బేరం మాట్లాడినంత మామూలుగా చెప్పారు. "నేను ఒరిగిపోవడం చూశావనుకో, గట్టిగా కేక పెట్టు. ముందు వాణ్ణి బయటికి లాగండి. నన్ను తర్వాత చూసుకోవచ్చు."

టీ గ్లాసు అక్కడ పెట్టలేక, వెనక్కి తేలేక నిలబడిపోయాను. ఆ మనిషి మీద అన్నాళ్ళూ ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. "అలా అనకండి," అని మాత్రం అన్నాను.

నా బల్లను ఆ గుమ్మానికి ఎదురుగా జరుపుకున్నాను. చేతులు తీగ చుడుతుంటాయి. కళ్ళు ఆయన తల మీద ఉంటాయి. ఆయన దగ్గితే నా గుండె ఆగుతుంది. ఈల ఆగితే ఆగుతుంది. ఇప్పుడు ఆ షాపులో పనిచేస్తున్న మీటర్లు మేమిద్దరమే.

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన తల ముందుకు వాలింది. నేను షాపు అదిరిపోయేలా కేక పెట్టాను. అందరూ సరుకు వదిలేసి బయటికి పరిగెత్తారు. మా ఆయన తండ్రిని ఎత్తుకుని మరీ పరిగెత్తాడు. ఎండలోకి వచ్చాక మావయ్య కళ్ళు తెరిచి, "ఏమైంది?" అన్నారు. కునుకు పట్టిందట.

తొట్లలో సరుకంతా మచ్చలు పడింది. ఓనరు నా మీద నిప్పులు కక్కాడు. ఇంకోసారి ఊరికే అరిస్తే ఇంటికి పొమ్మన్నాడు. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. షాపులో వాళ్ళు నాకూ ఒక పేరు పెట్టారు. కూత పెట్టె. నేను నడిచి వెళ్తుంటే ఎవడో వెనక నుంచి అచ్చం ఆ పెట్టెలా కూస్తాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. "అరిచే కుక్క కరవదు," అని ఓనరు కూడా అన్నాడట.

ఆ రోజు నుంచి మావయ్య మధ్యాహ్నం భోజనం మానేశారు. తింటే కునుకు వస్తుందట. నేను కట్టిచ్చిన డబ్బా అలాగే మూతతో ఇంటికి తెస్తున్నారు. ఖాళీ కడుపుతో, వీపు నిటారుగా పెట్టుకుని గోతి ఒడ్డున కూర్చుంటున్నారు. ఆయన వెనక మా ఆయన ఈల వేస్తూ మందు కలుపుతుంటాడు. గ్లాసులో నంబరు పదిన్నర చూపిస్తూనే ఉంటుంది.

ఈసారి ఆ తల వాలిందంటే అది కునుకు కాదు. నేను అరుస్తాను, ఉద్యోగం పోయినా అరుస్తాను. ఎవరైనా లేస్తారా, నవ్వి ఊరుకుంటారా అన్నదే నా భయం.